జమాఖర్చులు జనానికీ తెలియాలి

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, కండ్రిక ప్రాంతాలను ముంచెత్తినప్పుడు ప్రభుత్వ యంత్రాంగంతో పాటు స్వచ్ఛంద సంస్థలూ నీళ్లలోకి దిగాయి. పులిహోర పొట్లాలు, పాల ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు, దుప్పట్లు ట్రాక్టర్ల మీదా పడవల మీదా ముంపు వీధులకు చేరాయి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన క్యూఆర్ కోడ్‌ల ద్వారా ఊళ్లో ఉన్నవారూ, విదేశాల్లో స్థిరపడ్డవారూ తమకు తోచినంత పంపారు. ఆ సేవను ఈ నగరం మరచిపోకూడదు. అయితే అలా పోగైన సొమ్ము ఎంత, ఖర్చు ఎంత, మిగులు ఎంత, ఆ మిగులు ఇప్పుడు ఏ ఖాతాలో ఉంది అని ఇచ్చినవారు అడిగితే చూపించడానికి ఎన్ని సంస్థల దగ్గర ఒక్క కాగితమైనా ఉంది? ఉన్నవాటిలో ఎన్ని దానిని అడగకముందే బయటపెట్టాయి? విజయవాడ, గుంటూరు నగరాల్లోని ప్రతి సేవా సంస్థా ఏటా తన జమాఖర్చులను తెలుగులో, అందరికీ కనిపించేచోట ప్రకటించే ఆనవాయితీ మొదలు కావాలని మేము కోరుతున్నాం.

చట్టాలకు కొదవ లేదు. రాష్ట్రంలో ఏడుగురు కలిస్తే 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సంస్థను నమోదు చేసుకోవచ్చు. ఆపైన ఏటా కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రార్‌కు సమర్పించాలి. ఆదాయపు పన్ను మినహాయింపు పొందే సంస్థ, ఆదాయం నిర్ణీత పరిమితి దాటితే, లెక్కలను చార్టర్డ్ అకౌంటెంటు చేత ఆడిట్ చేయించాలి. దాతలకు ఆదాయపు పన్నులో రాయితీ (80జి) ఇప్పించే అర్హత ఉన్న సంస్థలు 2021-22 నుంచి దాతల వివరాలను ఏటా పన్ను శాఖకు అందజేయాలి. నగదుగా ఇచ్చిన విరాళం రూ.2,000 దాటితే దాతకు ఆ రాయితీ వర్తించదు. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలకు 2010 నాటి ప్రత్యేక చట్టం ఉంది. 2020 సవరణతో ఆ సొమ్మంతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతా ద్వారానే రావాలన్న నిబంధనా వచ్చింది. ఇన్ని కాగితాలూ ఆఫీసులకే వెళ్తాయి. నెలకు ఐదు వందలు పంపే పటమట ఉపాధ్యాయినికి గానీ, ఆ సంస్థ నడిపే వసతిగృహంలో బిడ్డను ఉంచిన తల్లికి గానీ వాటిలో ఒక్కటీ చేరదు.

పోనీ ఆఫీసులకైనా సక్రమంగా చేరుతున్నాయా అంటే అదీ లేదు. దేశంలో నమోదైన దాదాపు 30 లక్షల సంస్థల్లో పదో వంతు కూడా వార్షిక లెక్కలు సమర్పించడం లేదని సీబీఐ సుప్రీంకోర్టుకు నివేదించింది. ప్రభుత్వ నిధులు పొందిన సంస్థల లెక్కలు తేల్చాలని 2017 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానం గట్టిగా ఆదేశించాల్సి వచ్చింది. మరోవైపు కేంద్ర హోంశాఖ 2022 జులైలో విదేశీ విరాళాల వెబ్‌సైట్ నుంచి సంస్థల వార్షిక నివేదికలను ప్రజలకు కనిపించకుండా తొలగించింది. మూడు నెలలకోసారి విరాళాల వివరాలను ప్రకటించాలన్న నిబంధననూ అదే నెలలో ఎత్తివేసింది. సేవా సంస్థలపై నిఘా పెంచుతున్నామని చెప్పుకునే ప్రభుత్వం, ప్రజలు చూడగలిగిన కొద్దిపాటి సమాచారానికి కూడా తలుపులు మూయడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ఈ పరిస్థితుల్లో 2019 సెప్టెంబరులో డీఏవీ కళాశాల ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కొంత ఊరట. ప్రభుత్వం నుంచి ప్రత్యక్షంగానో పరోక్షంగానో గణనీయమైన ఆర్థిక సాయం పొందే స్వచ్ఛంద సంస్థ సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తుందని, నగరంలో నామమాత్రపు ధరకు ఇచ్చిన స్థలాన్నీ అలాంటి సాయంగా పరిగణించవచ్చని న్యాయస్థానం చెప్పింది. సెంటు భూమి లక్షలు పలికే మన రెండు నగరాల్లో ఈ మాటకు చాలా బరువుంది. రాయితీపై ప్రభుత్వ స్థలం పొందిన ప్రతి సంస్థా దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా తన లెక్కలు తానే ప్రకటించడం కనీస ధర్మం.

లెక్కలు బయటపెట్టడానికి సంస్థలు జంకడానికి అక్రమాలు ఒక్కటే కారణం కాదు. ఇచ్చేవాళ్లమైన మనకూ అందులో వాటా ఉంది. ‘మా రూపాయి రూపాయిగానే పేదలకు చేరాలి’ అనే దాతకు, జీతాల పద్దు కనబడగానే అనుమానం మొదలవుతుంది. అనాథ పిల్లల వసతిగృహంలో వంటమనిషికీ, రాత్రి కాపలా ఉండే వార్డెనుకూ, మందులిచ్చే నర్సుకూ జీతం ఇవ్వకుండా ఆ పిల్లలను ఎవరు చూస్తారు? కరెంటు బిల్లు, అద్దె, ఆడిటరు ఫీజు ఎవరు కడతారు? విదేశీ విరాళాల్లో పరిపాలనా ఖర్చుల పరిమితిని 2020లో 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించిన చట్టంలోనూ ఈ అపనమ్మకమే కనిపిస్తుంది. ఫలితంగా నిజాయితీగా నడిచే సంస్థ కూడా జీతాన్ని ‘కార్యక్రమ ఖర్చు’ కింద, అద్దెను ‘శిక్షణ’ కింద రాసుకునే ఇరకాటంలో పడుతుంది. అబద్ధం ఒకసారి పద్దుల్లోకి ఎక్కాక మంచి ఉద్దేశానికీ చెడ్డ ఉద్దేశానికీ మధ్య గీత గీయడం ఆడిటరుకైనా కష్టమే. జీతాన్ని జీతంగానే రాసి, దానివల్ల జరిగిన పనిని పక్కనే చూపించిన సంస్థను అనుమానించడం మానేసి ఆదరించడం దాతలు నేర్చుకోవాలి.

డబ్బు కన్నా వస్తువుల లెక్క మరీ అధ్వానం. వరదల వేళ ఒక కల్యాణమండపంలో దిగే సరుకును ఊహించండి: ఒక వ్యాపారి యాభై బస్తాల బియ్యం పంపుతాడు, ఒక కాలనీ సంఘం పాత బట్టలు తెస్తుంది, ఒక బట్టల దుకాణం చీరల కట్టలు దించిపోతుంది. తేదీ, పంపినవారి పేరు, వచ్చిన పరిమాణం, పంచిన వీధి, తీసుకున్నవారి సంతకం లేదా వేలిముద్ర, చివర మిగిలిన నిల్వ — ఈ ఆరు గడులున్న స్టాకు రిజిస్టరు ఒకటి గుమ్మం దగ్గర బల్లమీద ఉంటే చాలు. అది లేనప్పుడు, సందు చివరి ఇళ్లకు ఒక్క దుప్పటీ అందక, రోడ్డు మీది ఇళ్లకు మూడేసి అందినా ఎవరికీ తెలియదు. మిగిలిన బస్తాలు ఏమయ్యాయన్న ప్రశ్నకు కార్యదర్శి మాటే ఆధారమవుతుంది. ఆయన ఎంత నిష్కళంకుడైనా ఆ మాటకు రుజువు ఉండదు.

ఈ ప్రాంతానికి ఇది కొత్త పాఠమేమీ కాదు. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమే తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు సేకరించాలని తీర్మానించింది. ప్రజల సొమ్ముకు పైసాతో సహా లెక్క ఉండాలని పట్టుబట్టిన గాంధీజీ ఆ సమావేశంలో ఉన్నారు. అంతకు ఏడేళ్ల ముందు, 1914లో, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టిందీ ఈ ఊళ్లోనే. చందాలతో నడిచే సంస్థలకు ఇంతటి చరిత్ర ఉన్నచోట లెక్క అడగడం అవమానంగా, చెప్పడం భారంగా తోచడం విచారకరం.

మేము కోరుతున్నది పెద్ద పని కాదు. ప్రారంభ నిల్వ, విరాళాలు, ప్రభుత్వ నిధులు, విదేశీ నిధులు, జీతాలు, కార్యక్రమాల ఖర్చు, ముగింపు నిల్వ, కార్యవర్గ సభ్యుల పేర్లు, వారికి గానీ వారి బంధువులకు గానీ చెల్లించిన మొత్తాలు — ఇవన్నీ ఒక్క పేజీలో ఇముడుతాయి. ఆ పేజీని కార్యాలయం గోడమీదా, ఉంటే వెబ్‌సైట్‌లోనూ పెట్టవచ్చు. పిల్లలు, రోగులు, హింసకు గురైన మహిళల పేర్లు, పేరు చెప్పవద్దన్న దాతల వివరాలు అందులో రాకూడదు. ఆడిటరుకు ఇచ్చే స్తోమత లేని చిన్న సంఘాలకు జిల్లాలోని చార్టర్డ్ అకౌంటెంట్లు, కామర్స్ కళాశాలల అధ్యాపకులు ఏడాదికి ఒకటి రెండు రోజులు కేటాయిస్తే పెద్ద మేలు. లెక్కలు రాయడం చేతకాని చిన్న సంఘాన్ని, రాయడం ఇష్టంలేని పెద్ద సంస్థను అధికారులు ఒకే గాటన కట్టకూడదు.

రిజిస్ట్రార్ కార్యాలయాలు తమకు అందిన కార్యవర్గ జాబితాలను ఆన్‌లైన్‌లో ఎవరైనా చూసుకునేలా ఉంచాలి. విపత్తుల వేళ చందాలు సేకరించే సంస్థలు జిల్లా వెబ్‌సైట్‌లో ముందుగా పేరు నమోదు చేసుకోవాలని, వ్యక్తిగత ఖాతాకు కాకుండా సంస్థ ఖాతాకే సొమ్ము తీసుకోవాలని, మూడు నెలల్లోగా లెక్క అప్పగించాలని ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లు షరతు పెట్టాలి. ఈ ఏర్పాటు వచ్చే వానాకాలానికి ముందే సిద్ధం కావాలి. 2024 వరదల కోసం చందాలు తీసుకున్న సంస్థలు తమ లెక్కలను ఆ వెబ్‌సైట్‌కు మొదటగా అందజేయాలి.