మా గాలి గురువు

తెల్లవారుజామున ఐదు గంటలకు గండిపేట దారిలో పదకొండు మంది పెద్దమనుషులు వీధిదీపం కింద గొంతుక్కూర్చుని ఒక సైకిల్ చక్రం వంక తదేకంగా చూస్తూ కనిపిస్తే కంగారు పడకండి. ఎవరికీ ఏమీ కాలేదు. గాలి చూస్తున్నారు.

ఆ పదకొండు మందిలో నేనూ ఒకణ్ణి. మా బృందానికి ఒక గురువుగారు ఉన్నారు. ఆయన సైకిల్ ఖరీదు పెడితే రెండు పాడిగేదెలు కొని, పాలు పితికే మనిషికి కొన్నాళ్లు జీతం కూడా ఇవ్వవచ్చు. ఆయన నడుముకు ఒక సంచీ, సంచీలో గాలి కొలిచే మీటరు, మీటరుకు మెత్తటి గుడ్డ తొడుగు. మా ఇంట్లో సాలగ్రామానికి కూడా అంత మర్యాద జరగదు.

తంతు ఇలా ఉంటుంది. గురువుగారు టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కి, కళ్లు మూసుకుంటారు. మేము ఊపిరి బిగబడతాం. నాడి చూసే వైద్యుడైనా మధ్యలో ఒకసారి రోగి ముఖం వంక చూస్తాడు, ఈయన చూడరు. తర్వాత వాల్వు మూత విప్పి, మీటరు తగిలించి, తగిలించేటప్పుడు తుస్సుమన్న ఆ కాస్త గాలికీ ఒక నిట్టూర్పు విడిచి, చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడో ఆ అంకె చదువుతారు. "98." పదో తరగతి ఫలితాలు చూసుకున్న తండ్రి గొంతు అది. "టైరు మీద ఏమి రాసి ఉందో చదవండి." నేరస్థుడు ఫోను వెలుగులో వంగి చదువుతాడు: "గరిష్ఠం 120, గురువుగారూ." "మరి?" ఇక సమాధానం ఉండదు. పంపు వస్తుంది. 105 దాటాక పిడి కిందికి దిగదు. ఒకరు పొట్ట ఆనించి నొక్కుతారు, మరొకరు వెనక నుంచి భుజాలు అదుముతారు, మూడో ఆయన వాల్వు ఊడకుండా పట్టుకుంటాడు. 120 చేరగానే గురువుగారు టైరును గోటితో మీటుతారు. టంగుమనాలి. అనకపోతే మళ్లీ మొదలు.

గరిష్ఠం అంటే అంతకు మించవద్దని అర్థం. లిఫ్టులో '8 మంది' అని రాసి ఉంటే ఎనిమిదో మనిషి దొరికేదాకా తలుపు పట్టుకుని నిలబడతామా? నేను ఈ మాట ఒకసారి పైకి అన్నాను. ఆ రోజు నాకు టీ ఎవరూ ఇప్పించలేదు.

గట్టి టైరు వేగంగా పోతుందన్నది ఆయన సిద్ధాంతం. నున్నటి చెక్క ట్రాకు మీద అయితే కాదనను. కంకర తేలిన తారు మీద మాత్రం 120 కొట్టిన టైరు ప్రతి రాయికీ సైకిల్‌నూ మనిషినీ కలిపి ఎగరేస్తుంది. ముందుకు పోవలసిన బలం మన వెన్నులో, మోచేతుల్లో, దవడల్లో ఖర్చయిపోతుంది. కాస్త మెత్తగా ఉన్న టైరు ఆ రాయిని తనలోకి నొక్కుకుని దాటేస్తుంది. ఫ్రాన్స్‌లో జరిగే పారిస్-రూబే సైకిల్ పందెంలో యాభై కిలోమీటర్లకు పైగా రాళ్లు పరిచిన బాటలు ఉంటాయి. ప్రపంచంలో గట్టి కాళ్లున్నవాళ్లంతా అక్కడికి వెడల్పు టైర్లతో, మా గురువుగారి అంకెలో సగానికి అటూ ఇటూ గాలితో వస్తారు. పాపం, వాళ్లకు గోటితో మీటడం తెలియదు.

డెబ్బై అయిదు కిలోల మనిషి, 28 మిల్లీమీటర్ల టైరు, మన రోడ్డు అనుకుంటే వెనక చక్రానికి 70 ప్రాంతంలో పెట్టి, ముందు దానికి నాలుగైదు తగ్గించి చూడండి. బరువు వెనకే ఎక్కువ పడుతుంది కదా. మరీ తగ్గిస్తే గుంత అంచుకు రిమ్ము తగిలి ట్యూబుకు పాము కాటులా జంట గాట్లు పడతాయి, అదీ నిజమే. ఈ రెంటి మధ్య సుఖంగా ఉండేంత చోటు ఉంది.

అసలు ఈ గాలి ఎందుకు వచ్చింది? 1887లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు, కొడుకు మూడు చక్రాల బండి మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, చక్రాలకు గాలి నింపిన రబ్బరు గొట్టాలు చుట్టాడు. మరుసటి ఏడాది పేటెంటు కూడా తీసుకున్నాడు. (అంతకు నాలుగు దశాబ్దాల ముందే థామ్సన్ అనే ఆయన అదే పని చేశాడని తేలి అది చెల్లలేదు, ఆ గొడవ మనకెందుకు.) పిల్లవాడి ఒళ్లు హూనం కాకుండా ఒక తండ్రి పెట్టిన గాలిని మేము కుక్కి కుక్కి ఎడ్లబండి ఇనుప పట్టాగా మార్చుకున్నాం.

మా బృందంలో అసమ్మతి వర్గం కూడా ఉంది. వీళ్లు కుర్రవాళ్లు, ఫోనును అడుగుతారు. ఫోను బరువు అడుగుతుంది, టైరు వెడల్పు అడుగుతుంది, ఆపైన రోడ్డు ఎలాంటిదని అడుగుతుంది: కొత్త తారు, అరిగిన తారు, పాడైన తారు, రాళ్ల పరుపు, కంకర. ఒక్కటే ఎంచుకోవాలట! మా వీధి మొదట్లో కొత్త తారు, పది గజాల తర్వాత మంచినీటి గొట్టం కోసం తవ్విన మట్టి, మట్టి మీద ఎవరో పుణ్యాత్ములు పోయించిన ఇటుక ముక్కలు. ఏది నొక్కాలి? ఏదో ఒకటి నొక్కితే 68.5 అని వస్తుంది. ఉదయం పాతిక డిగ్రీల్లో 70 పెట్టిన టైరు నలభై అయిదు డిగ్రీల ఎండలో దాదాపు 76 అవుతుంది. ఆ అర పాయింటును ఏ చెట్టు నీడలో దాచుకోవాలో ఫోను చెప్పదు.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ఇరవై మూడు కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు, పైన సౌర ఫలకాల నీడతో. బాగుంది. దాని మీద ఎంత గాలైనా నడుస్తుంది. అక్కడిదాకా వెళ్లడానికి మా కాలనీ మలుపులో స్పీడ్ బ్రేకర్ దాటాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం మామూలు వాహనాలకు స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మాది జానెడు వెడల్పు, జానెడు ఎత్తు. రంగు లేదు, బోర్డు లేదు, పైన దీపం వెలగదు. పగలు దాన్ని దాటితే సమాధి మీద నడిచినట్టుంటుంది, రాత్రి అది సమాధే. ఎవరు కట్టించారని అడిగితే వీళ్లు వాళ్లను చూపిస్తారు, వాళ్లు వీళ్లను చూపిస్తారు. కట్టినవాడికి బిల్లు మాత్రం ఎవరో ఇచ్చే ఉంటారు కదా! ఒక్కడికి, ఒక్కడికైనా, ఆ బిల్లు మీద సంతకం పెట్టేముందు సైకిలెక్కి దాని మీదుగా ఒకసారి వెళ్లి చూద్దామని తోచలేదా?

పోయిన నెల మా వాచ్‌మన్ రాత్రి డ్యూటీ దిగి పాత సైకిల్ మీద ఇంటికి వెళ్తూ దాని మీద పడ్డాడు. హ్యాండిల్‌కు తగిలించిన టిఫిన్ గిన్నె వీధి చివరిదాకా దొర్లింది. ముందు పళ్లు రెండు పోయాయి, కుడి మణికట్టు విరిగింది. సరదాకి సైకిల్ తొక్కే మనిషి కాదు. బస్సు ఎక్కితే నెలకు ఎంతవుతుందో వేళ్ల మీద లెక్కేసి తొక్కే మనిషి. ఇప్పుడు కట్టు కట్టుకుని నడిచి వస్తున్నాడు.

ఈ సంగతి గండిపేట దగ్గర టీ తాగుతూ చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. గురువుగారు గ్లాసు కింద పెట్టి, కాసేపు ఆలోచించి, అడిగారు.

"ఆయన ముందు చక్రానికి ఎంత పెట్టుకున్నాడండీ?"