పల్లా అంటే పల్లూ అట!

రోమన్ స్త్రీలు భుజాల మీదుగా కప్పుకుని, కావాలంటే తలమీదికి లాక్కునే పెద్ద గుడ్డ పేరు లాటిన్‌లో పల్లా. మన చీరకు పల్లూ ఉంది. ఇంకేం, లాటిన్ మన ఇంటి ఆడపడుచేనని ఫార్వర్డులు తేల్చేశాయి. మనది పైట, కొంగు. పల్లూ హిందీ వైపు నుంచి వచ్చిందే కదా అన్నవాడు ద్రోహి.

మాటల పోలిక చూసి పుట్టుక చెప్పే ఈ విద్యలో పెద్దదిక్కు రోమన్ పండితుడు వర్రో. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో లాటిన్ మీద 25 భాగాలు రాస్తే 6 మిగిలాయి. యజ్ఞవేళ ఆడవాళ్లు తల కప్పుకునే రీకా, ఆచారం అనే అర్థమున్న రీతుస్ నుంచి వచ్చిందన్నాడు. సరే అనుకుందాం. సముద్రం భూమిని కప్పుతుంది, పెళ్లికూతురు ముసుగు కప్పుకుంటుంది, కనుక నెప్ట్యూన్ పేరు కప్పడం అనే అర్థమున్న నుప్తుస్ నుంచే వచ్చిందన్నాడు! గడ్డాల సముద్రదేవుడు, ఒంటి నిండా నాచు, ముసుగులో సిగ్గుతో తలవంచుకుని కూర్చున్నాడు. అంచుల నుంచి ఉప్పునీళ్లు కారుతున్నాయి. పెళ్లికూతుర్ని నడిపించే ముత్తైదువ ప్రొనుబా, ఆ త్రిశూలం కాసేపు పక్కన పెట్టు నాయనా అంటుంది. పెట్టడు. ముసుగు మూడుచోట్ల చిరుగుతుంది.

ఆ ముసుగు ఫ్లమ్మెయుమ్. జ్వాల పేరు విని ఎరుపనేస్తారు. రోమన్ రచయిత ప్లినీ చెప్పింది లూతెయుస్, అంటే లూతుమ్ మొక్క ఇచ్చే పసుపు. ఆ 'లూ' దీర్ఘం మింగేస్తే లుతుమ్, బురద. పెళ్లిముసుగు కాస్తా బురదపాలు.

దీర్ఘానికి అంత విలువుంది. వేలుమ్ అంటే తెర, తెరచాప కూడా. (మన తెరచాపలోనూ తెరే ఉంది, చుట్టరికం కాదు, గుడ్డ ఎక్కడైనా గుడ్డే.) దాని పక్కన చిన్న జెండా వెక్సిల్లుమ్‌ను పెట్టండి. రెక్క ఆలా, చంక అక్సిల్లా. దవడ మాలా, మక్సిల్లా. పాత రూపాల్లో 'ల'కారం ముందున్న 'క్స' రాలిపోయి, దాని బదులు అచ్చు సాగింది. క్రీ.పూ. 46లోనే రోమన్ వక్త సిసెరో ఈ మాటల్ని ఒక వరసలో పెట్టాడు, కాకపోతే తిరగేసి, అక్సిల్లాలోంచే ఆలా పుట్టిందనుకున్నాడు. సంస్కృతంతో చుట్టరికం కావాలా? నభస్‌కు నెబులా ఉంది, భ్రాతకు ఫ్రాతెర్ ఉంది. మాట మధ్యలో 'భ' ఉంటే లాటిన్‌లో 'బ', మొదట్లో ఉంటే 'ఫ'. ఒక్క మాటలో కాదు, వరసగా కుదరాలి.

తెలుగుకూ ఇలాంటి లెక్క కట్టినవారున్నారు. భద్రిరాజు కృష్ణమూర్తి 1961లోనే తెలుగు ధాతువుల మీద, ధ్వని ధ్వనికీ జవాబు చెబుతూ పుస్తకం వేశారు. అది తెరిచి చూడరు. అందులో ఒక్క సూత్రం చెప్పలేరు. భాషాభిమానమట! గుండెలు బాదుకోవడానికి తప్ప తెలుగు మీకెందుకయ్యా?

అన్నట్టు, నెప్ట్యూన్ ఇంకా పీటలమీదే ఉన్నాడు. ముసుగు వెనక్కి తీయడాన్ని లాటిన్‌లో రెవేలారె అంటారు, ఇంగ్లీషు రివీల్ అక్కణ్ణించే. రేపు పొద్దునకల్లా అది మన రవికలోంచి వచ్చిందంటారు, చూస్తూ ఉండండి.