ఫారం గారికి, జెరాక్స్ షాపువాడు రాయునది

మహారాజశ్రీ సిల్వర్ జూబ్లీ వివరాల ఫారం గారికి,

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మీ మంత్రసాని నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీలో రాసినంత క్షేమం కాదు గానీ, ఏదో క్షేమమే.

మంత్రసాని అన్నానని చిన్నబుచ్చుకోకండి. మిమ్మల్ని కన్నది హైదరాబాద్‌లో ఉన్న మా క్లాసు లీడరు. వాళ్ళ ఆఫీసులో ఏడాదికోసారి ఉద్యోగులకి మార్కులేసే కాగితం ఒకటుందట, దాన్ని చూసి మిమ్మల్ని తయారు చేశాడు. రాత్రి పదకొండింటికి ఫోనులో పంపి, "రేపటికి 73 కాపీలు తీసి పెట్టరా, ఊళ్ళో ఉన్నవాడివి కదా" అన్నాడు. ఊళ్ళో ఉండటం మా బ్యాచ్‌లో ఒక ఉద్యోగం. జీతం ఉండదు. బయటికెళ్ళినవాళ్ళ ఇంటి పన్ను కట్టడం, వాళ్ళ అమ్మకి బీపీ మాత్రలు కొనివ్వడం, పోగొట్టుకున్న మార్కుల లిస్టు కోసం బడి గుమాస్తా చుట్టూ తిరగడం, ఇప్పుడు మీరు. మా మిషను ఆ రోజు రెండుసార్లు కాగితం మింగింది. అది కూడా మిమ్మల్ని చదివే ఉంటుంది.

మేము మెట్రిక్ రాసింది 2000లో. నది అవతల ఆంధ్రావాళ్ళు టెన్త్ అంటారు, మాకు మాత్రం కటక్ బోర్డు మెట్రిక్. పాతికేళ్ళు మొన్న వేసవికే నిండాయి. కమిటీకి డేటు కుదిరేసరికి సంక్రాంతి వచ్చిపడింది. ఈలోగా అందరి జీవిత విశేషాలూ పుస్తకంగా వేసి, కలిసే రోజున పంచాలని తీర్మానం. ఎవరి బతుకేంటో ముందే తెలిసిపోతే ఆ రోజు టెన్షన్ ఉండదట. ముందే తెలిసిపోయినందుకే ఇద్దరు రామన్నారు, ఆ సంగతి కమిటీకి ఇంకా చెప్పలేదు.

ముందు మీ భాష గురించి. "నామధేయము", "వర్తమాన హోదా", "వైవాహిక స్థితి", "సంతాన వివరములు (ర్యాంకులతో సహా)", "గృహ వసతి: స్వంతము / అద్దె", "జీవన సాఫల్యములు". అయ్యా, మీరు ఏ ఊళ్ళో పుట్టారో తెలుసా? గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. జనం నోట్లో ఉన్న తెలుగే కాగితం మీద ఉండాలని పండితులందరితో పోట్లాడిన మనిషి. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. మీ ఏడో గడి చూసి ఉంటే అంతకుముందే సామాను కట్టేవారు.

రెండోది మరీ అన్యాయం. చిరునామా దగ్గర టిక్కు పెట్టుకోమని మూడు గళ్ళు ఇచ్చారు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, విదేశం. ఒడిశా ఏదండీ? మీ కన్నతండ్రి పదహారేళ్ళొచ్చేదాకా మరమరాల మూఢీ, బఠాణీల ఘుగుని తిని పెరిగింది ఏ రాష్ట్రంలో? 1936 ఏప్రిల్ 1న గీత గీసినవాళ్ళు మా జమీనుని రెండు ముక్కలు చేశారు, నిజమే. మహేంద్రతనయకి ఆ పక్క పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది, ఈ పక్క మేము కొత్త రాష్ట్రంలోకి వచ్చాం. మా అమ్మ పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు ఒక రాష్ట్రం, నడిచి వెళ్తే అరగంట. కానీ వాళ్ళు ఏదో ఒక పక్క అయినా వేశారు. మీరు ఎటూ వెయ్యలేదు. ఊళ్ళో ఉన్న పదకొండుమందిమీ ఆలోచించి "విదేశం" దగ్గర టిక్కు పెట్టాం. పుస్తకం వచ్చాక చూడండి, మా బ్యాచ్‌లో ఎన్నారైలు ఎంతమందో.

పేర్ల సంగతి కమిటీకి నేనే సర్దిచెప్పాను. ఇంట్లో వెంకట అయినవాడు మెట్రిక్ సర్టిఫికెట్‌లో బెంకట, విశ్వనాథం బిశ్వనాథ్, యశోద జశోద. ఒడియా నోటికి మన వకారం బకారం, యకారం జకారం అవుతాయి, ఎవరి తప్పూ కాదు. సర్టిఫికెట్‌లో పడ్డదే పాస్‌పోర్టుకీ ఎక్కింది. హైదరాబాద్ కమిటీ "ఈ బెంకట ఎవడ్రా, మన బ్యాచ్ కాదే" అని ఒకణ్ణి లిస్టులోంచి కొట్టేసింది. వాడు మూడేళ్ళు లీడరు పక్క బెంచీలో కూర్చున్నాడు.

ఇక అసలు విషయానికి వస్తాను. మా బడిలో తెలుగు సెక్షను, ఒడియా సెక్షను రెండూ ఉండేవి. ఒడియా సెక్షనువాళ్ళలో సగం మంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడమే రాదు. మిమ్మల్ని చేతిలో పెడితే తలకిందులుగా పట్టుకున్నవాడు కూడా ఉన్నాడు. కాబట్టి చదివి వినిపించి, వాళ్ళు చెప్పింది రాసి, సంతకం పెట్టించడం నా వంతైంది. రేషన్ కార్డుకీ, పెన్షన్‌కీ రోజూ చేసే పనే, కొత్తేం కాదు. ఎక్కడెక్కడో ఉన్నవాళ్ళు కూడా ఫోను చేసి చెప్పేవారు. దాంతో నాకొక అదృష్టం పట్టింది. ప్రతివాడి జీవితమూ నా దగ్గరికి రెండు ప్రతుల్లో వచ్చింది: ఒకటి నోటితో చెప్పింది, ఒకటి మీలో రాయమన్నది. ఆ రెంటి మధ్యా ఒకే మాట ఉండేది. "అది రాయకు."

విశాఖపట్నంలో ఉన్నవాడు ఫోనులో "గృహ వసతి, స్వంతము" అన్నాడు. రాశాను. తర్వాత పావుగంట బ్యాంకు గురించే చెప్పాడు. ఈఎంఐ 2041 దాకా ఉందట, అప్పటికి వాడికి యాభై ఏడు. "మరి స్వంతము పక్కన బ్రాకెట్‌లో..." అన్నాను. "అది రాయకురా" అన్నాడు.

కాశీనగర్ నుంచి వచ్చేవాడొకడు ఉండేవాడు. మా రోజుల్లో నౌపడా నుంచి గుణుపూర్ దాకా చిన్న బండి నడిచేది, రెండున్నర అడుగుల పట్టాల మీద. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది. ఎంత నిదానమంటే, వీడు దిగి ఒంటికి పోసుకుని మళ్ళీ పరిగెత్తి ఎక్కేవాడని మాలో పందెం. 2004లో ఆపేశారు, 2011లో పెద్ద లైను వచ్చింది. వీడు మాత్రం ఇప్పటికీ దాన్ని "మన బండి" అంటాడు. మొన్న షాపుకొచ్చాడు. వర్తమాన హోదా అని చదివితే నవ్వాడు. "జీడితోట. తిత్లీ వచ్చి మొత్తం పడుకోబెట్టేసింది కదా, తెల్దేటి నీకు?" తెలుసు. 2018 అక్టోబరు 11 తుఫాను. తిత్లీ అంటే సీతాకోకచిలుక అట, పేరు పెట్టినవాళ్ళకి మా జిల్లాలోని రేకుల ఇళ్ళు ఒకసారి చూపించాలి. రెండేళ్ళు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చేశాడు, మళ్ళీ మొక్కలు నాటాడు, ఈ వేసవిలో మొదటి కాపు. చెప్తుంటే వాడి మొహం చూడాలి మీరు. మీకు మొహం చూసే గడి లేదు కాబట్టి నేను చూశాను. "జీవన సాఫల్యములు దగ్గర ఇదే రాద్దాం" అని పెన్ను తీశాను. చెయ్యి పట్టుకున్నాడు. "వొద్దురా, పక్క పేజీలో అమెరికావోడుంటాడు." చివరికి ఆ గడిలో ఏం రాయమన్నాడో చెప్పనా? "ఏమీ లేవు."

అమెరికావాడి సాఫల్యాలు నాలుగు పేజీలు, విడిగా అతికించి పంపాడు. నిలువునా పొడుగ్గా ఉన్న మెడల్ ఫోటో కూడా. రాత్రి రెండింటికి ఫోను చేసి, వాళ్ళ పాత ఇంటిముందు వేపచెట్టు ఉందా అని అడిగాడు. ఉందన్నాను. లేదు నిజానికి. ఇల్లు కొన్నవాళ్ళు కొట్టేశారు. మీ సావాసం వల్ల నాకూ ఇలాంటివి వస్తున్నాయి.

"సంతాన వివరములు, ర్యాంకులతో సహా" అన్న గడి గురించి మీతో మర్యాదగా మాట్లాడలేను. మా వెనక బెంచీవాడి కొడుకు విజయవాడలో ఐఐటీ కోచింగ్ హాస్టల్లో ఉండేవాడు. దసరాకి ఇంటికొచ్చి, ఇక వెళ్ళనని తలుపేసుకున్నాడు. వీడు మొదట అరిచాడు, తర్వాత భయపడ్డాడు, తర్వాత వెళ్ళి పెట్టె తెచ్చేశాడు. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. "పది దాకా పడుకుంటున్నాడురా. కానీ మొన్న అమ్మ చేసిన బెండకాయ పులుసు రెండోసారి అడిగి వేయించుకున్నాడు." గొంతు మారింది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు, మిషను మాత్రం ఎవరిదో ఆధార్ కాపీలు తీస్తూ పోయింది. "ఏం రాయమంటావు?" అన్నాను. "చదువుతున్నాడు అని రాయి." రాశాను.

ఇవన్నీ బల్ల మీద ఎండబెట్టిన అప్పడాల్లా పరిచి ఉండగా మా లెక్కల మాస్టారు వచ్చారు. ఏటా నవంబరులో వస్తారు, పింఛనుకి లైఫ్ సర్టిఫికెట్ కావాలి కదా. ఎనభై దాటాయి, జేబులో ఎర్ర పెన్ను ఇంకా ఉంది. "ఏటిరా ఇవన్నీ?" అన్నారు. చెప్పాను. కళ్ళజోడు సర్దుకుని మిమ్మల్ని ఒకదాన్ని తీసి చదివారు. హోదా పక్కన "30 లక్షలు" అని ఉంది. "నెలకా, ఏడాదికా, అప్పా?" అన్నారు. నాకు తెలీదన్నాను. "యూనిట్ రాయలేదు, అర మార్కు కట్" అని నిజంగానే పక్కన ఎర్రగా సున్నా చుట్టి అర కోసేశారు. "సాఫల్యములు"లో లకారం కింద యకారం మర్చిపోయినవాళ్ళకి మరో అర. ఏడు ఫారాలు పాడు చేశారు. ఆపుదామంటే నోరు రాలేదు, పాతికేళ్ళయినా ఆ పెన్ను చూస్తే చేతులు చాస్తాం. వెళ్ళబోతూ తన కాగితం నాకు చూపించి, "చూడరా, దీంట్లో ఒకటే ప్రశ్న, బతికున్నావా అని. సంతకం పెడితే ఏడాదిపాటు డబ్బులిస్తారు" అన్నారు.

అన్నట్టు, జ్ఞాపికలు హైదరాబాద్ నుంచే వస్తున్నాయట, గాజువి. కొమ్ముతో కొంగల్నీ దువ్వెనల్నీ చెక్కే పనివాళ్ళు ఉన్న ఊరికి గాజు ముక్క లారీలో వస్తోంది. దీనికి మీరు బాధ్యులు కారు, కోపంలో రాసేశాను.

ఒకే ఒక్కటి మీకు లొంగలేదు. మా క్లాసులో లెక్కల్లో ఫస్ట్ వచ్చే అమ్మాయి, మెట్రిక్ అయిన ఏడాదే పెళ్ళి చేసి బరంపురం పంపేశారు. ఇంటిపేరు మారి, ఫోను నంబరు దొరక్క, ఆమె తమ్ముడి చేత ఫారం పంపాం. తిరిగొచ్చింది. రెండు నుంచి ఏడు దాకా గళ్ళన్నీ ఖాళీ. నేను ఒకవైపే ప్రింటు తీశాను కదా, వెనక్కి తిప్పితే పెన్సిల్‌తో రాసి ఉంది: "స్టేషను గేటు దగ్గర జామకాయలమ్మే మామ్మకి రూపాయిన్నర బాకీ. పరీక్షల హడావుడిలో ఇవ్వలేదు. ఉంటే ఇచ్చెయ్యి, నేను వచ్చినప్పుడు నీకిస్తాను." మామ్మ ఎప్పుడో పోయింది. ఆవిడ కూతురు ఇప్పుడు బస్టాండు దగ్గర బుట్ట పెడుతోంది. విషయం చెప్పి రెండు రూపాయలిచ్చాను. నన్ను ఎగాదిగా చూసి, అర్ధరూపాయి చిల్లర లేదని ఒక చిన్న జామకాయ చేతిలో పెట్టింది.

ఆ పేజీని రెండువైపులా స్కాన్ చేసి పంపితే, వెనకవైపు పుస్తకంలో వెయ్యడం కుదరదని కమిటీ కబురు పెట్టింది. ఫార్మాట్‌లో లేదట.

నిన్న లీడరు మళ్ళీ ఫోను చేశాడు. "అందరివీ వచ్చాయి, నీదే రాలేదు. ఊళ్ళో ఉండి కూడా ఇంత లేటా?" అన్నాడు. అందుకని ఈ ఉదయం మీ సోదరుల్లో మిగిలినవాణ్ణి ఒకణ్ణి తీసుకుని కూర్చున్నాను. నామధేయము రాశాను. హోదా: ఊళ్ళో ఉన్నవాడు. చిరునామా: విదేశం. గృహ వసతి: నాన్నది, నాన్న ఉన్నారు. సంతానం: ఒక అమ్మాయి, ర్యాంకు అడగలేదు.

"జీవన సాఫల్యములు" దగ్గర చాలాసేపు ఆగి, చివరికి బిల్లు రాశాను. కాపీలు 73, ఒక్కోటి రెండు రూపాయలు, 146. జామకాయల బాకీ రూపాయిన్నర. మొత్తం 147 రూపాయల 50 పైసలు. యూనిట్ రాశాను, మాస్టారు మార్కు కొయ్యరు.

ఇట్లు,
ఊళ్ళో ఉన్నవాడు