సవరణ: జడ్జింగ్ గదిలో ఎవరు మాట్లాడాలి?

ఫస్ట్ లెగో లీగ్ ఛాలెంజ్ (పిల్లల టీములు లెగో రోబోలతో పాల్గొనే పోటీ) జడ్జింగ్ గురించిన పాత పోస్టులో ‘రోబో డిజైన్ వివరించడానికి బాగా మాట్లాడే ఒకరు చాలు’ అన్న మాట తీసేశాను. ఆ గదిలో టీము రోబో డిజైన్ గురించి 5 నిమిషాలు చెప్పాక, ఇంకో 5 నిమిషాలు ప్రశ్నలే. ‘రోబోకున్న ఈ చేయి ఎందుకు మార్చారు, ముందు ఎలా ఉండేది?’ అని అడిగితే, దాన్ని విప్పి బిగించిన పాపే చెప్పాలి. కోచ్ అందించకూడదు. బట్టీ పట్టిన పిల్లలు రెండో ప్రశ్నకే టెన్షన్ పడిపోతారు, పాపం. పనికిరాదని పక్కన పడేసిన పాత అటాచ్‌మెంట్‌ని (రోబోకి తగిలించే భాగాన్ని) కూడా లోపలికి తీసుకెళ్లనివ్వండి. దాన్ని చేత్తో పట్టుకుంటే మాటలు వాటంతటవే వస్తాయి.

ఇంకొకటి: ఇన్నోవేషన్ ప్రాజెక్టు (ఒక సమస్యకి పిల్లలు ఆలోచించిన పరిష్కారం), రోబో డిజైన్, కోర్ వాల్యూస్ (టీమ్‌వర్క్ లాంటి విలువలు), రోబో గేమ్ నాలుగింటికీ వెయిటేజీ సమానం. అంటే టేబుల్ మీద రోబో గేమ్‌లో వచ్చే స్కోరు అందులో 25 శాతమే.