దీపానికి బొట్టుబిళ్ళ

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ గురించి చెప్పనక్కరలేదు. నల్లరాయి, లోపల బంగారు చుక్కలు. విదేశాల్లో వంటింటి గట్టు కోసం చదరపు అడుగుల లెక్కన కొనుక్కుంటారు. నాకు మాత్రం ఒంగోలు వచ్చే దారిలో, సరాసరి కారు కిందికే, ఉచితంగా దక్కింది. లారీ చెడిపోతే చక్రానికి రాయి ఆనిస్తారు. బాగయ్యాక లారీ వెళ్ళిపోతుంది, రాయి ఉండిపోతుంది. పూర్వం రాజులు శాసనాలు వేయించిన పద్ధతి కూడా ఇదే కాబోలు.

కింద ఢామ్మని మోగింది. కాసేపటికి డాష్‌బోర్డులో రెండు దీపాలు వెలిగాయి: గుండ్రని గీత మధ్య ఆశ్చర్యార్థకంతో ఎర్రది, పక్కన ఏబీఎస్ (సడన్ బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) అన్న పసుపుది. కార్తీకమాసం ఇంకా రాలేదు.

నిపుణుల సంఘం టీకొట్టు దగ్గర సమావేశమైంది. "హ్యాండ్‌బ్రేకు దించావా, నాయనా?" అన్నారొక పెద్దాయన. సంఘం మొత్తంలో పనికొచ్చిన ప్రశ్న అదొక్కటే, కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఒకరు నిమ్మకాయ తొక్కించమన్నారు. ఒకరు ఫ్యూజు పీకమన్నారు. మా బావ అందరికంటే దూరదృష్టి గలవాడు: "నల్ల బొట్టుబిళ్ళ అంటించు బావా, కనిపించదు."

ఈ సలహాను ప్రభుత్వం తీవ్రంగా పరిశీలించాలని నా మనవి. మలుపుల దగ్గర ప్రమాద సూచికలకు తలా ఒక బొట్టుబిళ్ళ చాలు, జిల్లాలో ప్రమాదకరమైన మలుపే మిగలదు. తుఫాను రోజుల్లో కృష్ణపట్నం రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక గుర్తును దించి బీరువాలో పెడితే సముద్రం మాత్రం ఏం చేస్తుంది?

ఇంత విధానచర్చ జరుగుతుండగా, పక్క షెడ్డులోని కుర్రవాడు బానెట్ ఎత్తాడు. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్యే ఉంది. పెడల్ తొక్కి పట్టుకోమన్నాడు. గట్టిగా నిలిచింది. గొట్టం పగిలి ఉంటే నూనె దిగేది, పెడల్ లోపలికి కుంగేదట. తర్వాత టార్చి పట్టుకుని కారు కిందికి దూరాడు. ఎడమ వెనక చక్రం దగ్గర సన్నని వైరు తెగి, బల్లి తోకలా వేలాడుతోంది. చక్రం వేగాన్ని చెప్పే సెన్సరు వైరది. ఆ లెక్క అందకపోయేసరికి ఏబీఎస్ మానేసింది. ముందు వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఏర్పాటు కూడా ఆ లెక్క మీదే నడుస్తుంది గనుక అదీ మానేసింది. ఎర్రదీపం అందుకట. "మామూలు బ్రేకు పడుతుంది సార్. సడన్‌గా తొక్కితే మాత్రం చక్రం బిగుసుకుని జారుతుంది."

సంఘం నిరాశగా చెదిరిపోయింది. బొట్టుబిళ్ళ బావ జేబులోనే ఉండిపోయింది.

కుర్రవాడు జాకీ ఎక్కించి చక్రం విప్పి, కొత్త సెన్సరు వేశాడు. రెండు దీపాలూ ఆరాయి. ఇల్లు చేరాక గుర్తొచ్చింది: జాకీ ఎక్కించేముందు ముందు చక్రానికి నేనే వెతికి తెచ్చి ఆనించిన రాయి రోడ్డు మీదే ఉండిపోయింది. మంచి రాయి. బంగారు చుక్కలున్నాయి.