వరిగడ్డిలో పులిచారల అంజూర

రెండేళ్ల కిందట మా బావమరిది కడియం వెళ్లి, మల్లె అంటు తెమ్మంటే అంజూర మొక్క తెచ్చాడు. "మామూలుది కాదు బావగారూ, పులిచారల రకం. ఫ్రెంచివాళ్లు పనాషే అంటారు" అన్నాడు. మా అమ్మ మొక్కని ఎగాదిగా చూసి, "మేడి జాతే కదా! పొట్ట విప్పితే ఏముంటాయో మీ తెలుగు మాస్టారు చెప్పలేదా?" అంది. ఈ రకానికి పురుగు దూరి పుప్పొడి మోయక్కర్లేదు, కాయ దానంతటదే పండుతుందని వాడు చెప్పబోయేలోపు ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

కోనసీమలో రెండడుగులు తవ్వితే నీళ్లు. అంజూర వేళ్లకి నీళ్లు నిలిస్తే పడదు. అందుకని డాబా మీద సిమెంటు తొట్టిలో పెట్టాను. లేత కొమ్మల మీద కూడా పసుపు చారలే. అమ్మ తెగులనుకుని నేను ఆఫీసుకి వెళ్లిన పూట వేపనూనె కొట్టేసింది. కొట్టినా చారలు పోలేదు కాబట్టి పాపం నన్నే తిట్టింది, మందు కల్తీదని.

ఈ ఏడు ఆరు కాయలు కాసింది. అచ్చం బొంగరాలు. ఆకుపచ్చా లేతపసుపూ పట్టీలు నిలువునా దిగి, అడుగున కన్ను దగ్గర కలుసుకుంటాయి. రోజూ కాఫీ గ్లాసుతో వెళ్లి చూసేవాణ్ణి. నిమ్మకాయంత అయ్యాక ఇక కదల్లేదు. వారం, రెండు వారాలు, నెల. రంగు మారదు, సైజు మారదు. మా ఆవిడ "పెయింటు వేసిన ప్లాస్టిక్‌వేమో చూడండి" అంది.

పక్కింటి మావయ్యగారు డాబా ఎక్కి ఒకటి నొక్కి చూశారు. "కోసి గడ్డిలో వేయవోయ్. నలభై ఏళ్లుగా కొత్తపల్లి కొబ్బరి మామిడి ముగ్గేస్తున్నా, నాలుగు రోజుల్లో పండకపోతే నన్నడుగు."

మా ఊళ్లో ఆయన మాటకి తిరుగులేదు. ఐదు కోశాను. తొడిమ దగ్గర తెల్లటి పాలు బొటబొటా కారి వేళ్లకి అంటుకున్నాయి. లుంగీకి తుడుచుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా ఎండలో తిరిగేసరికి రాత్రికి చేతులు ఎర్రగా పొంగి ఒకటే దురద, లుంగీ తగిలిన చోట్లా అంతే. ఎక్కడెక్కడో చెప్పను. ఆరో కాయ ఆకు చాటున ఉండి నా చేతికి చిక్కలేదు.

నాలుగు రోజులకి గడ్డి విప్పితే ఐదూ వాడిన వంకాయల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. చారలు మాత్రం భేషుగ్గా ఉన్నాయి. ఒకటి కొరికితే పచ్చి గడ్డి రుచి. గేదెకి వేస్తే వాసన చూసి మొహం తిప్పుకుంది. మావయ్యగారినడిగితే, "గడ్డి కొత్తది కాదేమోనోయ్" అన్నారు.

ఉసూరుమంటూ డాబా ఎక్కితే ఆ ఆరోది కనిపించింది. మెడ వంగి వేలాడుతోంది. తోలు సన్నగా చిట్లింది, కన్ను దగ్గర ఏదో జిగురు కారుతోంది. ఇదీ పోయిందనుకుని, కోసి అమ్మ చేతికిచ్చి పెంటలో పడేయమన్నాను.

అప్పుడు బావమరిదికి ఫోన్ చేశాను.

"అయ్యో బావగారూ, అంజూర చెట్టు మీదే పండాలండీ. కోశాక మెత్తబడుతుందేమో గానీ తీపెక్కదు. ఇది మామిడి కాదు. అందులో ఈ రకం మరీ ఆలస్యం. వారాల తరబడి అలాగే ఉండి, చివరి నాలుగు రోజుల్లో ఒక్కసారిగా ఉబ్బుతుంది."

"రంగు మారలేదురా!"

"చారలు పోవండీ, ఆ పచ్చ కాస్త పసుపు తిరుగుతుందంతే. మెడ చూడాలి. మెడ వంగి, తోలు చిట్లి, కన్ను దగ్గర తేనెబొట్టు..."

ఫోన్ కట్ చెయ్యకుండానే కిందికి పరిగెత్తాను. అమ్మ పెరటి గట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో తొడిమ, దానికి అంటుకుని ఇంకో ముక్క. లోపల ఎర్రగా, పాకంలో ఊరిన దానిమ్మ గింజల్లా మెరుస్తోంది. చూస్తుండగానే అదీ నోట్లో వేసేసుకుంది.

"ఎలా ఉందే?"

"ఎలా ఉంటుంది, పాడైపోయిందన్నావుగా" అంటూ బొటనవేలు నాక్కుంది.