పెన్షనర్ల నోరు మూయించే ప్రశాంతత ఎవరిక్కావాలి?

వృద్ధుల కోసం ఇళ్లు కట్టి అమ్మేవాళ్ల ప్రకటనలన్నింట్లోనూ ఒక మాట తప్పనిసరిగా ఉంటుంది: ప్రశాంతత. ఊరికి దూరం, చుట్టూ చెట్లు, హారన్ మోత ఉండదు, పొద్దున యోగా, సాయంత్రం భజన. బ్రోషర్లో జుట్టు నెరిసిన దంపతులు ఎటో దూరంగా చూస్తూ చిరునవ్వు నవ్వుతుంటారు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్న ఫొటో మాత్రం వెతికినా దొరకదు. ఒడిశాలోని మా బరంపురంలో తెలుగు రిటైర్డ్ ఉద్యోగుల ఫోన్లలోకి ఇప్పుడు ఈ బ్రోషర్లు వచ్చి పడుతున్నాయి. పంపేది బిల్డర్లు కాదు, బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లలు. "నాన్నా, ఒకసారి చూడండి, చాలా పీస్‌ఫుల్‌గా ఉందట" అని.

నాన్నకు అక్కర్లేనిది సరిగ్గా అదే. అరవై దాటినవాడికి ఇంట్లో ఎలాగూ బోలెడు నిశ్శబ్దం ఉంది. దాన్ని లక్షలు పోసి కొనుక్కోవడమేమిటి? ఆయనకు కావలసింది చెప్పడానికి ఒక కబురు, వినడానికి నలుగురు, మధ్యలో అడ్డం పడి "అది కాదండీ, అసలు సంగతేంటంటే" అనేవాడు ఒకడు.

లెక్కలు అందరికీ తెలిసినవే. 2022 నాటికి మన దేశంలో అరవై దాటినవాళ్లు దాదాపు 14.9 కోట్లని, 2050కల్లా ప్రతి ఐదుగురిలో ఒకరు వాళ్లే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక చెప్పింది. ఇంతమందిని ఎక్కడ ఉంచాలన్న చర్చ బాగానే సాగుతోంది. వాళ్లు రోజంతా ఏం మాట్లాడుకోవాలన్నది మాత్రం ఎవరికీ పట్టలేదు.

రామలింగం చెరువు గట్టున పొద్దున పూట కూర్చునే పెన్షనర్లను గమనిస్తే నా బాధేమిటో అర్థమవుతుంది. అక్కడ రెండు పేపర్లుంటాయి. తెలుగు పేపర్లో ఇచ్ఛాపురం, సోంపేట, శ్రీకాకుళం సంగతులుంటాయి. బరంపురం సంగతులు కావాలంటే ఒడియా పేపరే దిక్కు. చిన్నప్పుడు తెలుగు మీడియంలో చదివిన కొందరికి ఒడియా మాట వచ్చు గానీ అక్షరం చప్పున పట్టుబడదు. అందుకని ఒడియా బాగా చదివే ఆయన ఒక్కో వార్తా చూసి తెలుగులో చెబుతుంటాడు, తన వ్యాఖ్యానం ఉచితంగా కలిపి. ఏది వార్తో, ఏది ఆయన కోపమో తేల్చడానికి ఇంకో పావుగంట పడుతుంది. ఈలోగా ఎవరు ఎంకేసీజీ ఆస్పత్రిలో చేరారు, ఎవరి ప్లాటు బేరానికి వచ్చింది, ఏ పెళ్లిలో భోజనాలు తక్కువయ్యాయి, అన్నీ తెలిసిపోతాయి.

"ఏటి మాస్టారూ, డీఏ పడిందా?"

"పడింది బాబూ, ఇంకా లేవలేదు."

ఈ జోకుకు వయసెంతో ఎవరికీ తెలియదు. ఎప్పుడు వేసినా నవ్వుతారు. నవంబరు వస్తే, బతికే ఉన్నామని పెన్షనర్లు ఏటా ఇచ్చుకునే లైఫ్ సర్టిఫికెట్ మీద జోకులు మొదలవుతాయి. మగ్గం నేసి వేలిముద్రలు అరిగిపోయిన చేతులు బరంపురంలో తక్కువేం కాదు. వేలు ఒప్పుకోని యంత్రానికి ముఖం చూపించే ఏర్పాటు 2021లో వచ్చింది. "నేను బతికే ఉన్నానని గవర్నమెంటు ఒప్పేసుకుంది, ఇక మా ఇంట్లోవాళ్లు ఒప్పుకోవాలి" అని ఒకాయన అంటే పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వుతారు. అదే మాట ఇంట్లో అంటే ఏమవుతుంది? కోడలు నొచ్చుకుంటుంది, కొడుకు ఫోన్ చేసి "ఏమైంది నాన్నా, డల్‌గా ఉన్నారా?" అని కంగారు పడతాడు. తోటివాళ్ల మధ్య అది జోకు, ఇంట్లో ఫిర్యాదు. మాటను జోకుగా వినగలిగే జనం లేనిచోట ముసలివాడు మాట్లాడటం మానేస్తాడు.

మా సరిహద్దు జిల్లాల్లో రిటైర్మెంట్ కమ్యూనిటీలు కొత్తగా కట్టక్కర్లేదు, ఎప్పటినుంచో ఉన్నాయి. సునాబెడ హెచ్ఏఎల్ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ, దమన్‌జోడి నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీ, రాయగడ పేపరు మిల్లు, ఛత్రపురం ఇసుక ఖనిజాల కర్మాగారం. వీటిలో పనిచేసినవాళ్లు క్వార్టర్ ఖాళీ చేసే రోజు రాకముందే ఒకరిని చూసి ఒకరు ఒకే వీధిలో స్థలాలు కొనుక్కున్నారు. ఏ బిల్డరూ బోర్డు పెట్టలేదు. ముప్పై ఏళ్ల కిందట నైట్ షిఫ్టులో ఎవరు నిద్రపోయి దొరికారన్నది అక్కడ ఇప్పటికీ తాజా వార్తే. అమెరికాలో 1960 జనవరి 1న డెల్ వెబ్ అనే బిల్డర్ అరిజోనా ఎడారిలో సన్ సిటీ తెరిచినప్పుడు గోల్ఫ్ కోర్సు, బజారు, క్లబ్ భవనం ముందే సిద్ధం చేసి పెట్టాడు. ఆ వారాంతంలో లక్షమంది దాకా చూడ్డానికి వచ్చారు. ఆయన అమ్మింది సందడి. మనవాళ్లు పెద్దవాళ్లకో కాలనీ అన్న ఆలోచనను కాపీ కొట్టి, దానికి గేటు, కాంపౌండు గోడ తగిలించి, సందడిని అక్కడే వదిలేశారు.

ఇక అసలు విషయానికొస్తాను. కబుర్లు కాలక్షేపమని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు 'డిజిటల్ అరెస్ట్' మోసం ఎలా నడుస్తుందో ఒకసారి చూడాలి. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం, వెనక గోడ మీద ఏదో చిహ్నం. మీ ఆధార్‌తో డ్రగ్స్ పార్సిల్ పట్టుబడిందంటాడు. తర్వాత వచ్చే ఆదేశం చూడండి: కాల్ కట్ చేయకూడదు, ఎవరికీ చెప్పకూడదు, భార్యకు కూడా. మోసగాడి తెలివంతా ఆ రెండో ముక్కలోనే ఉంది. ఎదుటివాడు చదువుకున్నవాడా, కాడా అన్నది వాడికి అనవసరం. బ్యాంకు మేనేజర్లుగా, ఇంజినీర్లుగా చేసినవాళ్లే పడ్డారు. వాడికి కావలసింది ఒంటరివాడు. రోజూ పొద్దున గట్టు మీద నలుగురి ముందు నోరు విప్పే అలవాటున్న మనిషి, ఎంత భయపడ్డా, మర్నాటికల్లా "నిన్న నాకో ఫోనొచ్చిందండీ" అనకుండా ఉండలేడు. ఆ ఒక్క మాటతో మోసగాడి ఆట సగం కట్టయిపోతుంది. పక్కనున్నాయన "నాకూ వచ్చిందయ్యా, తిట్టి పెట్టేశాను" అంటే మిగతా సగం.

ప్రధాని 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ఈ మోసం గురించి హెచ్చరిస్తూ మూడు సూత్రాలు చెప్పారు: ఆగండి, ఆలోచించండి, చర్య తీసుకోండి. బాగానే ఉంది. అయితే గుండె దడదడలాడుతున్న డెబ్బై ఏళ్లాయన ఒక్కడే కూర్చుని ఏం ఆలోచిస్తాడు? నన్నడిగితే మొదటి రెండింటి మధ్య ఇంకొకటి చేరుస్తాను: పక్కింటాయనకు చెప్పండి. సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబర్ ఆ తర్వాత. గోప్యత గొప్ప విలువే, కాదనను. కానీ ముసలితనంలో మరీ గుట్టుగా బతికేవాడికి దొంగలు తప్ప చుట్టాలు మిగలరు.

తుపాను సంగతి చూడండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటాక గంజాం జిల్లాలో స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. ఇలాంటప్పుడు పైఅంతస్తులో ఒంటరిగా ఉన్న పెద్దావిడ ఎవరు, ఇన్సులిన్ వాడేది ఎవరు, నడవలేనిది ఎవరు అన్న జాబితా ఏ ఆఫీసులో ఉంటుంది? వీధి కబుర్లలో ఉంటుంది. ఎవరి ఇంట్లో ఏం జరుగుతోందో ఆరా తీసే పెద్దమనిషిని మామూలు రోజుల్లో విసుక్కుంటాం.

కబుర్లకు చెడ్డపేరు ఊరికే రాలేదు. కోడళ్లను కుళ్లబొడిచేవీ అవే, వాట్సాప్‌లో వచ్చిన చెత్తను మోసేవీ అవే. గట్టు మీద ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారన్నదాంట్లో కులం కనిపించదని నేను అనను. పైగా ఆ గట్టు మగవాళ్లది. ఆడవాళ్ల కబుర్లు డాబాల మీద అప్పడాలు ఎండబెట్టే దగ్గరే సాగాలి, మోకాళ్లు పట్టేస్తే అదీ పోతుంది. నిజమే. దానికి మందు ఆడవాళ్లకూ నీడలో కుర్చీ వేయడం, ఉన్న కుర్చీలు తీసేయడం కాదు.

రిటైర్మెంట్ హోమ్‌ల గురించి కేంద్రం 2019లో ఇచ్చిన నమూనా మార్గదర్శకాల్లో ర్యాంపులు, పట్టుకోవడానికి కడ్డీలు, జారని నేల ఉన్నాయి. అన్నీ కావలసినవే. ఇప్పుడు వాటితోపాటు బజారు, గుడి, బస్‌స్టాండు నడక దూరంలో ఉండాలని అడగాలి. బోర్డు మీద వార్తలు మేనేజర్ రాయడం కాదు, అక్కడ ఉండేవాళ్లే రాయాలి. తప్పులుంటే ఇంకొకరు ఎర్రపెన్నుతో దిద్దుతారు, ఓ వారం మాట్లాడుకోవడానికి అదే సరిపోతుంది. 2020 మార్చిలో ఎత్తేసిన రైలు రాయితీని వెనక్కి తేవాలి. మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం తగ్గింపుతో రాయగడ పెద్దాయన బరంపురం పెళ్లికి వచ్చి, రెండు ఊళ్ల కబుర్లు మార్చుకుని పోయేవాడు.

ఇదంతా మా వైపు ఇంత అవసరం కావడానికి ఇంకో కారణం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాను వేరే రాష్ట్రం చేస్తూ గీత గీశాక ఇటు మిగిలిపోయిన తెలుగు, బడిలో ఏటేటా పలచబడుతూ వచ్చింది. మనవడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు ఒడియాలో ఇస్తాడు. తాతకు ఒడియాలో బేరమాడటం వచ్చు, డాక్టరుకు నొప్పి చెప్పడం వచ్చు, ఆఫీసులో "ఆగ్యా" అంటూ పని చేయించుకోవడం వచ్చు. జోకు వేయాలంటే మాత్రం తెలుగే రావాలి. అలాంటి మనిషిని తీసుకెళ్లి భువనేశ్వర్‌లోనో బెంగళూరులోనో మంచి హోమ్‌లో పెట్టండి. తిండికి లోటుండదు. ఏడాది తిరిగేసరికి ఆయన మర్యాదస్తుడైపోతాడు, అంటే నోరు పడిపోతుంది.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవారే. ఏటా ఆగస్టు 29న మన తెలుగు సంఘాలు ఆయన ఫొటోకు దండ వేసి, ఆయనకు సరిపడని గ్రాంథికంలో ప్రసంగాలు చేసి, ముగ్గురికి శాలువాలు కప్పి ఇంటికి పోతాయి. ఆయన వెనకేసుకొచ్చిన తెలుగు అప్పటికి గట్టు మీద డీఏ గురించి వాదించుకుంటూ ఉంటుంది. ఈసారి ఆ శాలువాల డబ్బుతో ఊళ్లోని వృద్ధాశ్రమానికి ఏడాదిపాటు ఒక తెలుగు పేపరు, ఒక ఒడియా పేపరు, పొద్దున పూట టీ కట్టించండి. ప్రసంగాలు వాళ్లే చేసుకుంటారు.